‘ఎలుకల మీద రుజువైంది’ అంటే ఏం రుజువైనట్టు? థైమస్ పదార్థాల అరవై ఏళ్ల కథ

ఈమధ్య ఫోనులో ఆరోగ్యం వీడియోలు చూసేవాళ్లకి ఒక పేరు తరచూ తగులుతోంది: థైమోసిన్. చిన్న గాజు సీసా, అడుగున కాస్త తెల్లటి పొడి, పక్కన ఇన్సులిన్ సిరంజి. దాన్ని ‘ఇమ్యూనిటీ పెప్టైడ్’ అంటారు. ఎవరైనా అనుమానంగా అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. “ఎలుకల మీద రుజువైందండీ.”

ఆ మాట అబద్ధం కాదు. థైమస్ గ్రంథి నుంచి తీసిన పదార్థాలు ప్రయోగశాల జంతువుల్లో రోగనిరోధక కణాల తీరు మార్చాయని చూపిన ప్రయోగాలు 60 ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. చిక్కంతా ‘రుజువు’ అన్న మాటలో ఉంది. ఒక ప్రయోగంలో, టెస్ట్‌ట్యూబులో ఉన్న కణం మీద కొత్త గుర్తు ఒకటి కనిపించింది. ఇంకోదాంట్లో, థైమస్ లేని చిట్టెలుకకి పోయిన శక్తి కొంత తిరిగొచ్చింది. మరోదాంట్లో, ఫంగస్ సోకిన చిట్టెలుక చావు తప్పించుకుంది. అన్నీ రుజువులే, కానీ దేనికదే వేరు. మొదటిది చూపించి మూడోది జరిగిందనుకుంటే లెక్క తప్పుతుంది. ఈ రంగంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అలా తప్పారు.

రొమ్ము ఎముక వెనకాల ఉన్న బడి

థైమస్ మన రొమ్ము ఎముక వెనకాల, గుండెకి కాస్త పైన, రెండు తమ్మెలుగా ఉంటుంది. పసిపిల్లల్లో బాగా పెద్దగా కనిపిస్తుంది. యవ్వనం వచ్చాక కుంచించుకుపోతూ, దాని చోటు కొవ్వు ఆక్రమిస్తుంది. అందుకే చాలాకాలం దీన్ని పనికిమాలిన అవయవం అనుకున్నారు.

ఎముక మజ్జలో పుట్టిన కొన్ని పచ్చి కణాలు రక్తంలో కొట్టుకొచ్చి థైమస్‌లో చేరతాయి. అక్కడ వాటికి రెండు పరీక్షలు. మన ఒంటి కణాల మీదుండే గుర్తింపు అణువులని అసలు చదవగలదా అన్నది మొదటిది. చదివాక మన ఒంటి మీదే దాడికి దిగుతుందా అన్నది రెండోది. మొదటిదాంట్లో తప్పినా, రెండోదాంట్లో దొరికిపోయినా కణానికి అక్కడే చావు. నూటికి 95కి పైగా కణాలు బయటికి రాకుండానే పోతాయి. నెగ్గి బయటపడ్డవే టి-కణాలు. ‘టి’ అంటే థైమస్.

మరి ‘బి-కణాలు’? ఆ ‘బి’ కోడి నుంచి వచ్చింది. కోడిపిల్లకి తోక దగ్గర, మలద్వారానికి ఆనుకుని ‘బర్సా ఆఫ్ ఫాబ్రిషియస్’ అనే చిన్న సంచి ఉంటుంది. యాంటీబాడీలు తయారుచేసే కణాలు అక్కడ పదునుదేలతాయని 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్ పేరు మీద వచ్చిన పరిశోధన చూపించింది. అది అచ్చయింది కోళ్ల పెంపకం మీద వచ్చే పత్రికలో కావడంతో వైద్యులెవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన గోదావరి జిల్లాల్లోనో హైదరాబాద్ చుట్టుపక్కలో కోళ్లఫారం నడిపేవాళ్లకి ఆ సంచి సంగతి తెలుసు. వాళ్లు పిల్లలకి చుక్కల మందు వేసేది గంబోరో రోగం రాకుండా, ఆ వైరస్ దెబ్బ కొట్టేదేమో సరిగ్గా ఈ బర్సా మీదే. బర్సా పాడైన పిల్లకి తర్వాత ఏ టీకా వేసినా సరిగ్గా పట్టదు. కోడికి థైమస్ ఉండేది మాత్రం మెడ పొడవునా, రెండు పక్కలా, చిన్న చిన్న ముక్కలుగా.

1961: గ్రాము బరువున్న చిట్టెలుకలు

థైమస్ పనికిమాలినది కాదని తేల్చింది లండన్‌లోని చెస్టర్ బీటీ పరిశోధనా సంస్థలో పనిచేసిన జాక్ మిల్లర్. నిజానికి ఆయన వెతుకుతున్నది వేరు. చిట్టెలుకల్లో వైరస్ వల్ల వచ్చే రక్త క్యాన్సర్‌లో థైమస్ పాత్ర ఏమిటా అని చూస్తున్నాడు. అందుకోసం పుట్టీ పుట్టగానే థైమస్ తీసేయాల్సి వచ్చింది. అప్పుడే పుట్టిన చిట్టెలుక బరువు గ్రాము, గ్రామున్నర. దాని గుండె పక్కనున్న గ్రంథిని తియ్యాలంటే చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో ఊహించుకోవచ్చు.

థైమస్ తీసిన పిల్లలు కొన్ని వారాలు మామూలుగానే పెరిగాయి. తల్లిపాలు మానాక చిక్కిపోయి చావడం మొదలైంది. వైరస్ ఎక్కించనివీ అలాగే చచ్చాయి. రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు బాగా తగ్గిపోయాయి. పరాయి జాతి చిట్టెలుక చర్మం అతికిస్తే మామూలుగా ఒళ్లు దాన్ని విసర్జించాలి. వీటి ఒంటి మీద అది హాయిగా అతుక్కుని, దాని మీద వెంట్రుకలు కూడా మొలిచాయి. 1961లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి అచ్చయినా చాలామంది నమ్మలేదు. అవయవ మార్పిడి మీద పరిశోధనకి అంతకుముందు ఏడాదే నోబెల్ అందుకున్న పీటర్ మెడావర్ లాంటివాడు కూడా, థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామక్రమంలో జరిగిన యాదృచ్ఛికం, దానికి పెద్ద అర్థం లేదని 1963లో అన్నాడు.

ఇక్కడ ఒక మెలిక గుర్తుపెట్టుకోవాలి. పెద్దయిన చిట్టెలుకకి థైమస్ తీసేస్తే వెంటనే ఏమీ అయినట్టు కనపడదు. అప్పటికే బయటికొచ్చిన టి-కణాలు చాలాకాలం బతుకుతాయి కాబట్టి పాత నిల్వతో బండి నడుస్తుంది. రేడియేషన్ ఇచ్చి ఆ నిల్వ చంపేస్తేనో, చాలా నెలలు ఆగితేనో లోటు బయటపడుతుంది. అంటే ఒక ప్రయోగం గురించి చదువుతున్నప్పుడు ‘థైమస్ తీసేసిన చిట్టెలుక’ అని ఉంటే, ఏ వయసులో తీశారన్నది మొదట చూడాలి. దాన్నిబట్టి ఫలితం అర్థమే మారిపోతుంది.

కణాలు దాటలేని గోడ

థైమస్ లేకపోతే నష్టమని తేలింది. తర్వాతి ప్రశ్న: అది తన పని ఎలా చేస్తోంది? కణాలని తన ఒళ్లో పెట్టుకుని తర్ఫీదు ఇస్తోందా, లేక థైరాయిడ్ లాగా రక్తంలోకి ఏదైనా హార్మోన్ వదిలి దూరం నుంచే నడిపిస్తోందా?

దీన్ని తేల్చడానికి చేసిన ప్రయోగం చాలా తెలివైనది. 1963 ప్రాంతంలో డేవిడ్ ఒసోబా, మిల్లర్ కలిసి థైమస్ ముక్కని ఒక చిన్న డబ్బీలో పెట్టారు. దానికి రెండు వైపులా వడపోత పొరలు. ఆ రంధ్రాలు ఎంత సన్ననివంటే ద్రవాలు, ప్రోటీన్లు దాటగలవు కానీ కణం దాటలేదు. ఆ డబ్బీని థైమస్ లేని చిట్టెలుకల కడుపులో అమర్చారు. చాలా చిట్టెలుకలు చిక్కిపోకుండా నిలబడ్డాయి, పరాయి చర్మాన్ని విసర్జించే శక్తి తిరిగొచ్చింది. లింఫోసైట్ల సంఖ్య మాత్రం మామూలు స్థాయికి చేరలేదు.

కణం రాలేదు కాబట్టి వచ్చింది ఏదో పదార్థమే. హార్మోన్ వాదానికి ఇదే పునాది. ఇంకో విచిత్రం కూడా ఆ రోజుల్లోనే కనిపించింది. థైమస్ తీసేసిన ఆడ చిట్టెలుకలు గర్భం దాల్చాక వాటిలో కొంత నిరోధక శక్తి తిరిగొచ్చిందని ఒసోబా 1965లో రాశాడు. కడుపులోని పిల్లల థైమస్ నుంచి ఏదో పదార్థం తల్లికి అందిందేమో అన్నది ఒక వ్యాఖ్యానం. ఆ మాటలో ఆకర్షణ ఉంది. కానీ గర్భంలో మారే హార్మోన్లు ఒకటా రెండా? దాన్నొక్కదాన్నే పట్టుకుని థైమస్ హార్మోన్‌కి రుజువనలేం.

నాలుగు పేర్లు, ఇద్దరు గోల్డ్‌స్టీన్‌లు

ఆ పదార్థాన్ని పట్టుకోవాలన్న పరుగు మొదలైంది. కబేళా నుంచి దూడల థైమస్ కిలోల లెక్కన తెచ్చి, రుబ్బి, వడకట్టి, ముక్కలుగా విడగొట్టి చూశారు. ఇక్కడే చదివేవాళ్లు తికమకపడతారు, ఎందుకంటే ఒక్కో ప్రయోగశాల ఒక్కో పేరు పెట్టింది.

న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో అలన్ గోల్డ్‌స్టీన్, ఏబ్రహం వైట్ 1966లో తమ సారానికి ‘థైమోసిన్’ అని పేరుపెట్టారు. అది ఒక పదార్థం కాదు, చాలా పెప్టైడ్‌ల మిశ్రమం. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మరీ పొడుగైతే దాన్నే ప్రోటీన్ అంటాం. కాస్త శుద్ధి చేసిన మిశ్రమానికి ‘ఐదో భాగం’ అనే అర్థంలో ఫ్రాక్షన్ ఫైవ్ అన్నారు. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో థైమస్ లోపంతో ఉన్న ఐదేళ్ల పాపకి మొదటిసారి ఇచ్చింది దీన్నే. 1977లో అందులోంచి 28 అమైనో ఆమ్లాల ‘థైమోసిన్ ఆల్ఫా 1’ బయటపడింది. 1981లో 43 అమైనో ఆమ్లాల ‘థైమోసిన్ బీటా 4’ నిర్మాణం తేలింది.

గిడియన్ గోల్డ్‌స్టీన్ అని ఇంకొకాయన ఉన్నాడు. పై గోల్డ్‌స్టీన్‌కి చుట్టం కాదు. కండరాలు నీరసించిపోయే మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బుకీ థైమస్‌కీ ఉన్న లంకె వెతుకుతూ ‘థైమోపోయెటిన్’ని తీశాడు. అందులోని ఐదు అమైనో ఆమ్లాల ముక్కే థైమోపెంటిన్.

పారిస్‌లో జాన్ ఫ్రాంస్వా బాక్, మిరెయ్ దార్దెన్ గ్రంథిని రుబ్బలేదు. హార్మోన్ అయితే రక్తంలో తిరగాలి కదా అని సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, వెతికారు. పంది సీరం నుంచి తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్ పట్టి 1977లో దాని వరస చెప్పారు. అదే తర్వాత ‘థైములిన్’ అయింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో నాథన్ ట్రైనిన్ బృందం ఇంకో పదార్థం మీద పనిచేసింది. దాని సంగతి ఇక్కడ వదిలేద్దాం.

హార్మోన్ అన్న మాటకి వీటిలో బాగా దగ్గరగా వచ్చింది థైములినే అని నాకనిపిస్తుంది. థైమస్ లోపలి ఎపిథీలియల్ కణాలు దాన్ని తయారుచేస్తాయి. చిట్టెలుకకి థైమస్ తీసేస్తే కొద్ది రోజుల్లో రక్తంలోంచి మాయమవుతుంది. వయసుతోపాటు తగ్గుతుంది. తన ఒంటి మీద తానే దాడి చేసుకునే ఎన్.జెడ్.బి. జాతి చిట్టెలుకల్లో మామూలు కంటే ముందే పడిపోతుంది. దానికి జింకు కావాలి కూడా. జింకు అణువు పట్టుకుంటేనే పెప్టైడ్ పనిచేసే ఆకారంలోకి వస్తుందని 1982లో తేలింది. జింకు తక్కువైన తిండి పెట్టిన చిట్టెలుకల సీరంలో థైములిన్ పనితనం పడిపోయింది. అదే సీరానికి టెస్ట్‌ట్యూబులో కాస్త జింకు కలిపితే లేచింది. అంటే పెప్టైడ్ అక్కడే ఉంది, జింకు లేక పడుకుంది. తిండి సరిగ్గా లేని పిల్లల్లో థైమస్ కుంచించుకుపోతుందని వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నారు కాబట్టి, ఈ చిన్న ప్రయోగం నాకు చాలా పెద్ద ప్రయోగాల కంటే విలువైనదిగా తోస్తుంది.

అసలు దేన్ని కొలిచారు?

శక్తి పెరిగింది అంటే ఎలా చెప్పారు? ఇమ్యూనిటీని కొలిచే థర్మామీటర్ ఏదీ లేదు. ఒక్కొక్కరూ ఒక్కో కొలత పెట్టుకున్నారు.

పారిస్ బృందం వాడింది రోజెట్ పరీక్ష. చిట్టెలుక ప్లీహం నుంచి తీసిన కొన్ని లింఫోసైట్ల చుట్టూ గొర్రె ఎర్ర రక్తకణాలు అతుక్కుంటాయి. మైక్రోస్కోపులో చూస్తే మధ్యలో గింజ, చుట్టూ రేకులు ఉన్న పువ్వులా ఉంటుంది. అజథయోప్రిన్ అనే మందు కాస్త కలిపితే, మామూలు చిట్టెలుక కణాలు ఈ పువ్వులు కట్టడం మానేస్తాయి. థైమస్ తీసిన చిట్టెలుక కణాలు అంత తేలిగ్గా మానవు, చాలా ఎక్కువ మందు కావాలి. థైములిన్ కలిపితే మళ్లీ కొంచెం మందుకే లొంగుతాయి. ఎంత థైములిన్‌కి లొంగాయన్నది కొలత.

తెలివైన పరీక్షే. కానీ ఇందులో ఎక్కడా క్రిమి లేదు, జబ్బు లేదు, బతకడం చావడం లేదు. ఒక మందుకి కణం ఎంత తేలిగ్గా లొంగుతుందన్నదే కొలిచింది.

ఇంకో కొలత కణం పైనున్న గుర్తులు. ‘తీటా’ అనే అణువు ఉంటే అది చిట్టెలుక టి-కణం అని లెక్క. దీనికి బాగా పనికొచ్చింది ‘న్యూడ్ మౌస్’. వెంట్రుకలు లేకుండా పుట్టిన ఈ చిట్టెలుకలని 1962లో గ్లాస్గోలో గమనించారు. వాటికి థైమస్ కూడా ఉండదని 1968లో పాంటెలూరిస్ కనుక్కున్నాడు. ఒకే జన్యువు చెడితే వెంట్రుకలూ థైమస్ రెండూ పోతాయి. ఆ జన్యువు పేరు ఫాక్స్ ఎన్ 1. ఇలాంటి చిట్టెలుకల కణాలని థైమస్ సారంలో కొద్ది గంటలు ఉంచితే తీటా గుర్తు మొలిచింది. పచ్చి కణం టి-కణంగా మారిందని సంబరపడ్డారు.

1973లో న్యూయార్క్‌లోని స్లోన్ కెట్టరింగ్ బృందం ఆ సంబరం మీద చన్నీళ్లు చల్లింది. అదే గుర్తు థైమస్‌తో ఏ సంబంధం లేని పదార్థాలతోనూ మొలుస్తోంది. కణాల్లో మామూలుగా ఉండే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు వేసినా మొలిచింది. బ్యాక్టీరియా గోడల్లో ఉండే ఎండోటాక్సిన్ వేసినా మొలిచింది. తలుపు తెరుచుకుంది నిజమే, కానీ ఆ తాళానికి చాలా తాళంచెవులు పడుతున్నాయి.

యుబిక్విటిన్: తప్పుడు కారణానికి దొరికిన నిధి

ఎండోటాక్సిన్ అన్నాను కదా. ఈ కథలో అదే అసలు దొంగ.

థైమోపోయెటిన్‌ని శుద్ధి చేస్తుండగా గిడియన్ గోల్డ్‌స్టీన్ బృందానికి 1975లో ఇంకో చిన్న ప్రోటీన్ దొరికింది. లింఫోసైట్లని పరిపక్వం చేస్తోందన్నారు. విచిత్రమేమిటంటే అది థైమస్‌లోనే కాదు, వెతికిన ప్రతిచోటా ఉంది. జంతువుల్లో ఉంది, ఈస్ట్‌లో ఉంది, మొక్కల్లో ఉంది. ‘అంతటా ఉండేది’ అనే అర్థంలో యుబిక్విటిన్ అని పేరుపెట్టారు. కొన్నాళ్లకి అసలు సంగతి తెలిసింది. లింఫోసైట్లని కదిలించింది ఆ ప్రోటీన్ కాదు, దాంతోపాటు కలిసిపోయిన ఎండోటాక్సిన్.

ప్రోటీన్ మాత్రం నిజమైనదే. పనికిరాని ప్రోటీన్లకి కణం కట్టే చీటీ అదేనని వేరే దారిలో తేలింది. యుబిక్విటిన్ కట్టిన ప్రోటీన్‌ని కణం ముక్కలు చేసేస్తుంది. ఆ పనికి సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. థైమస్ హార్మోన్ అనుకుని పట్టుకున్నది థైమస్‌దీ కాదు, హార్మోనూ కాదు, ఇమ్యూనిటీ పెంచిందీ అది కాదు. అయినా నోబెల్ దాకా వెళ్లింది. సైన్సులో ఇలాంటి అదృష్టాలు అరుదు.

ఒక ఊహా ప్రయోగం: నలభై మార్కులు ఎవరికి?

దొంగని ఎలా పట్టుకుంటారో ఒక లెక్కతో చూద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసినవి, ఏ పరిశోధనవీ కావు.

పుట్టగానే థైమస్ తీసిన చిట్టెలుకలకి సారం ఎక్కించి, తర్వాత వాటి ప్లీహం కణాలు ఎంత చురుగ్గా విభజన చెందుతున్నాయో 100 మార్కులకి కొలిచామనుకుందాం. రొమ్ము కోసి, థైమస్ ముట్టుకోకుండా కుట్టేసిన చిట్టెలుకలకి 100. థైమస్ తీసి ఉప్పునీరు ఎక్కించినవాటికి 10. థైమస్ తీసి థైమస్ సారం ఎక్కించినవాటికి 40. పది నుంచి నలభైకి, నాలుగింతలు! పత్రికలో శీర్షిక ఇక్కడే పుడుతుంది.

ఇప్పుడు ఇంకో గుంపు పెడదాం. అదే దూడ, అదే పద్ధతి, కానీ రుబ్బింది కాలేయం. దానికి 36 వచ్చిందనుకోండి. అప్పుడు థైమస్ గొప్పతనం మిగిలేది నాలుగు మార్కులే. అదే కాలేయం సారానికి 11 వస్తే, థైమస్‌లో నిజంగానే ఏదో ఉంది. ఈ ఒక్క గుంపు లేకుండా వచ్చిన పాత ప్రయోగాలు చాలా ఉన్నాయి.

కాలేయం గుంపుతో కూడా ఎండోటాక్సిన్ అనుమానం పూర్తిగా తీరదు. కబేళాలో థైమస్ ముక్కకే ఎక్కువ మురికి అంటి ఉండొచ్చు. సారాన్ని మరిగించి చూద్దామా? ఎండోటాక్సిన్ వేడికి చావదు, మామూలు ప్రోటీన్ చెడిపోతుంది కాబట్టి తేడా తెలియాలి. కానీ ఫ్రాక్షన్ ఫైవ్ తయారీలోనే 80 డిగ్రీల వేడి మెట్టు ఒకటి ఉంది, దాని పెప్టైడ్‌లు వేడిని తట్టుకుంటాయి. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు పనికొచ్చేది సి3హెచ్/హెచ్ఈజే అనే చిట్టెలుక జాతి. ఎండోటాక్సిన్‌ని గుర్తుపట్టే టిఎల్ఆర్4 అనే గ్రాహకం వీటిలో పుట్టుకతోనే చెడి ఉంటుంది. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఈ లోపాన్ని పట్టుకుంది, ఆయనకి 2011లో నోబెల్ వచ్చింది. ఈ జాతిలోనూ థైమస్ సారం పనిచేస్తే ఎండోటాక్సిన్‌ని నిర్దోషిగా వదిలేయొచ్చు. లేకపోతే కల్తీ లేని పెప్టైడ్‌ని రసాయనికంగా తయారుచేసి మొదటినుంచీ చూడాలి. ఆల్ఫా 1, థైములిన్ విషయంలో ఆ పని జరిగింది. అందుకే పాత సారాల కంటే వాటి మీద వచ్చిన ఫలితాలకి బరువెక్కువ.

ఇంకో గమనిక. మార్కులు 40కి చేరాయి, 100కి చేరలేదు. నిజమైన ప్రయోగాల్లోనూ దాదాపు ఇదే తీరు. న్యూడ్ మౌస్‌కి థైమస్ ముక్క అతికిస్తే టి-కణాలు వస్తాయి. పెప్టైడ్‌లు ఎక్కిస్తే కొన్ని గుర్తులు, కొన్ని పనులు వస్తాయి తప్ప ఆ స్థాయి రాదు.

బడి కావాలా, ఉత్తరం చాలా?

ఈ తేడా మీదే రెండు వాదాలు నిలబడ్డాయి. థైమస్ లోపలి కణాలతో ఒరుసుకుంటేనే టి-కణం తయారవుతుంది అనేది ఒకటి. జన్యువుల కాలం వచ్చాక దీనికి బలం పెరిగింది. థైమస్‌లోనూ ఎముక మజ్జలోనూ తయారై, పక్క కణాలకి కబురు చేర్చే ఇంటర్‌ల్యూకిన్ 7 అనే ప్రోటీన్‌ని 1988లో గుర్తించారు. దాని జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో లింఫోసైట్లు బాగా తగ్గిపోతాయని 1995లో తేలింది. థైమస్‌లో జరిగే పరీక్షల యంత్రాంగం ఒక్కో అణువూ బయటపడుతుంటే, ‘దూరం నుంచి హార్మోన్’ అన్న మాట క్రమంగా వెనకబడింది. మనుషుల్లోనూ ఇదే కనిపించింది. థైమస్ లేకుండా పుట్టే పిల్లల కోసం అమెరికాలో 2021 అక్టోబరులో అనుమతి పొందిన రెథైమిక్ అనే చికిత్స పెప్టైడ్ కాదు. ఇతర పిల్లల గుండె ఆపరేషన్లప్పుడు తీసిన థైమస్‌ని ల్యాబులో పెంచి, ముక్కలుగా తొడ కండరంలో పెడతారు. కణజాలమే కావాల్సొచ్చింది.

రెండో వాదం అంత తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. డబ్బీ ప్రయోగాన్ని ఎవరూ అబద్ధమనలేదు. జింకు–థైములిన్ లంకె గట్టిగానే ఉంది. టి-కణాన్ని మొదటినుంచీ తయారుచేయలేకపోయినా, తయారైనదాన్ని చురుకు చేయడమో నెమ్మది చేయడమో ఈ పెప్టైడ్‌లు చేయొచ్చు కదా అని వీళ్లంటారు. బడి కట్టలేని ఉత్తరం, బడి చదివిన పిల్లాడికి ఒక కబురు అందించలేదా? నాకు ఈ మధ్యస్థ వాదమే న్యాయంగా కనిపిస్తుంది.

ఆల్ఫా వేరు, బీటా వేరు

పేర్ల వల్ల ఇంకో చిక్కొచ్చింది. థైమోసిన్ ఆల్ఫా, థైమోసిన్ బీటా అంటే అన్నదమ్ములనుకుంటాం. రెండూ ఒకే గిన్నెలో దొరికాయి తప్ప వాటికి చుట్టరికం లేదు.

బీటా 4 దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. కణానికి అస్థిపంజరంలా పనిచేసే యాక్టిన్ అనే ప్రోటీన్ ముక్కలని పట్టి ఉంచడం దాని అసలు ఉద్యోగమని 1991లో తేలింది. ఎలుకల్లో గాయాలు త్వరగా మానడానికి సాయపడుతుందని కూడా చూపారు. క్రీడాకారులకి దీని మీద కన్ను పడింది ఆ కారణంగానే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో థైమోసిన్ బీటా 4, దాని ముక్క టిబి-500 రెండూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఎసెండన్ అనే ఫుట్‌బాల్ క్లబ్‌కి 2012లో ఆడిన 34 మందిని ఈ పెప్టైడ్ వాడారన్న తీర్పుతో 2016లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం నిషేధించింది. ఆ కేసులో పెద్ద గొడవ ‘థైమోసిన్’ అని రాసుకున్నది ఏ థైమోసిన్ అన్నదే.

ఆల్ఫా 1 కూడా పూర్తిగా థైమస్ సొత్తు కాదు. ప్రోథైమోసిన్ ఆల్ఫా అనే పెద్ద ప్రోటీన్‌లో అది మొదటి ముక్క, ఆ పెద్దది ఒళ్లంతా కణాల కేంద్రకాల్లో ఉంటుంది. థైమోపోయెటిన్ జన్యువుని 1994లో చదివితే అదీ అంతే, కేంద్రకపు పొరలో ఉండే ప్రోటీన్లది. కాబట్టి ‘థైమస్ హార్మోన్’ అన్న బిరుదు చాలావాటికి దొరికిన చోటుని బట్టి వచ్చిందే.

అయినా ఆల్ఫా 1 పని ఆసక్తికరం. ఇటలీలోని పెరూజాలో లుయిజీనా రొమానీ బృందం 2004లో, ఎముక మజ్జ మార్పిడి చేసిన చిట్టెలుకలకి ఆస్పర్జిల్లస్ ఫంగస్ సోకించి, ఆల్ఫా 1 ఇచ్చి చూసింది. అవి మెరుగ్గా తట్టుకున్నాయి. పెప్టైడ్ నేరుగా మాట్లాడింది టి-కణాలతో కాదు, డెండ్రైటిక్ కణాలతో. క్రిమిని పట్టి టి-కణాలకి చూపించే కాపలాదారులవి. వాటిలోని టిఎల్ఆర్9 గ్రాహకం ద్వారా కబురు వెళ్లింది. 2006లో అదే బృందం ఇంకో ముఖం చూపించింది. అదే దారిలో ఆల్ఫా 1 నిరోధక వ్యవస్థని అణిచే ఐడీఓ అనే ఎంజైమునీ లేపుతోంది. అంటే ఇది ‘ఇమ్యూనిటీ పెంచే మందు’ కాదు. సందర్భాన్నిబట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది కూడా.

ఎలుక నుంచి ఐసీయూకి

ఆల్ఫా 1ని ఔషధంగా 30కి పైగా దేశాల్లో, ముఖ్యంగా హెపటైటిస్ బి కోసం అనుమతించారు. అమెరికాలో సాధారణ ఔషధంగా అనుమతి రాలేదు. చైనాలో దీని వాడకం ఎక్కువ, కాబట్టి గట్టి పరీక్షలూ అక్కడే జరిగాయి. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో 361 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 26 శాతం, మిగతావాళ్లలో 35 శాతం. తొమ్మిది శాతం తేడా చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది యాదృచ్ఛికమై ఉండొచ్చన్న అనుమానం గణాంకాల ప్రకారం సరిగ్గా అంచు మీద ఉండిపోయింది.

దాన్ని తేల్చడానికి 22 ఆసుపత్రుల్లో 1,106 మందితో, ఎవరికి మందో, ఎవరికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షనో (ప్లాసిబో) డాక్టర్లకీ తెలియకుండా ఇంకో పరీక్ష పెట్టారు. రోజుకి రెండుసార్లు చొప్పున ఏడు రోజులు ఇంజెక్షన్లు. ఫలితాలు 2025 జనవరిలో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చాయి. మందు గుంపులో 23.4 శాతం, ప్లాసిబో గుంపులో 24.1 శాతం చనిపోయారు. వెయ్యి మంది చొప్పున లెక్కేస్తే 234, 241. ఆ ఏడుగురి తేడాని మందు ఖాతాలో వేయలేం. 60 దాటినవాళ్లలో మేలు ఛాయ, చిన్నవాళ్లలో ఎదురు ఛాయ కనిపించాయి గానీ, అలాంటి చీలికలు ఇంకో పరీక్షకి ప్రశ్నలవుతాయి తప్ప జవాబులు కావు.

దీన్నిబట్టి పెద్దవాళ్లకి థైమస్‌తో పనే లేదనుకోవద్దు. గుండె ఆపరేషన్లలో అడ్డొస్తుందని పెద్దవాళ్లలో థైమస్ తీసేయడం మామూలే. బోస్టన్ వైద్యులు 2023లో లెక్కతీస్తే, తీసేసినవాళ్లలో ఐదేళ్లలో 8.1 శాతం చనిపోయారు, అదే రకం ఆపరేషన్ జరిగి థైమస్ మిగిలినవాళ్లలో 2.8 శాతం. క్యాన్సర్ 7.4 శాతానికి, 3.7 శాతానికి. ఇది పరిశీలనే తప్ప ప్రయోగం కాదు, కారణం థైమస్ పోవడమే అని ఖాయంగా చెప్పదు. కానీ మిల్లర్ చిట్టెలుకల్లో ‘పెద్దయ్యాక తీస్తే ఏమీ కాదు’ అనిపించి, నెలలు గడిచాక లోటు బయటపడిన సంగతి గుర్తొస్తుంది.

ఇక ఆ గాజు సీసా. ఫోనులో కనిపించే చాలా పెప్టైడ్ సీసాల మీద ‘పరిశోధన అవసరాలకు మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అనుమతి ఉన్న ఇంజెక్షన్ మందులకి అమ్మే ముందు ఎండోటాక్సిన్ పరీక్ష జరగాలి. ఆ లేబుల్ ఉన్న సీసాకి అలాంటి హామీ లేదు. ఎండోటాక్సిన్ ఏమాత్రం కలిసినా ఒళ్లు వెచ్చబడుతుంది, ఒళ్లునొప్పులొస్తాయి, తెల్లకణాలు నిజంగానే కదులుతాయి. సీసా వాడినవాళ్లెవరైనా “మొదటి డోసుకే కాస్త జ్వరంలా వచ్చింది, ఇమ్యూనిటీ లేచింది” అని చెబితే, 1975లో యుబిక్విటిన్‌తోపాటు కలిసొచ్చిన దొంగని కూడా అనుమానితుల జాబితాలో పెట్టుకోవాల్సిందే.